పెన్న వెంబడి రెండున్నర రోజులు: తాడిపత్రి నుంచి ఒంటిమిట్ట దాకా వరుస తప్పకుండా చూడటం ఎలా

కడప వైపు వస్తున్నామనీ, గండికోట ఎలా చూడాలో చెప్పమనీ అడిగే బంధువులు, మిత్రులు ఏడాది పొడవునా ఉంటారు. వారిలో చాలామంది ఉదయం పదకొండు గంటలకు కోటకు చేరి, మండుటెండలో లోయ అంచున నాలుగు ఫొటోలు తీసుకుని, తలనొప్పితో తిరిగి వెళ్లిపోతారు. అది వెళ్లి రావడమే అవుతుంది గాని చూసినట్టు కాదు.

ఈ ప్రాంతంలో చూడవలసిన గుళ్లు, కోటలు, లోయ దాదాపుగా అన్నీ పెన్న ఒడ్డునే ఉన్నాయి. నది పారే దిశలోనే, అంటే ఎగువ నుంచి దిగువకు, తాడిపత్రిలో మొదలుపెట్టి ఒంటిమిట్టలో ముగిస్తే తిరిగిన దారిలో మళ్లీ తిరగవలసిన పని ఉండదు. ఒక్కొక్క చోటుకు తగిన వేళ కూడా ఒకటి ఉంది. ఏ చోటు ఏ వేళకు చేరాలో ముందే నిర్ణయించుకోవడమే ఈ ప్రయాణంలో అసలు పని, కాబట్టి కింది వివరమంతా ఆ లెక్క ప్రకారమే రాశాను.

1. ఏ నెలలో రావాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మార్చి సగం దాటితే పగటిపూట రాతి మీద నడవడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పిల్లలతో, పెద్దవారితో ఆ నెలల్లో రావద్దని గట్టిగా చెబుతాను.

పెన్న ఏడాదంతా పారే నది కాదు. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల వానలు బాగా పడిన ఏడు డిసెంబరులో వస్తే పుష్పగిరి దగ్గర, సిద్ధవటం దగ్గర నీరు చూడవచ్చు. గండికోట లోయలో మాత్రం దిగువన ఉన్న మైలవరం జలాశయం కారణంగా వేరే నెలల్లో కూడా నీరు నిలిచి ఉండే అవకాశం ఎక్కువ.

వాన కురుస్తున్న రోజుల్లో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోండి. తడిసిన రాయి మీద కాలు నిలవదు. ఎగువన గేట్లు ఎత్తితే ఎండిన ఇసుక మీదికి నీళ్లు ఎంత త్వరగా వస్తాయో కొత్తవారు ఊహించలేరు.

2. ఎలా రావాలి, ఎలా తిరగాలి

గుంతకల్లు నుంచి రేణిగుంటకు వెళ్లే రైలు మార్గం చాలా దూరం పెన్నకు తోడుగానే నడుస్తుంది. తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, ఒంటిమిట్ట స్టేషన్లు అన్నీ ఈ మార్గంలోనివే. అందువల్ల రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి తాడిపత్రిలో దిగడం, చివరి రోజు కడపలో తిరుగు రైలు ఎక్కడం అందరికీ కుదిరే పద్ధతి. ఎర్రగుంట్ల–నంద్యాల మార్గంలో జమ్మలమడుగుకు కూడా స్టేషన్ ఉంది గాని ఆ మార్గంలో రైళ్లు తక్కువ.

నలుగురు కలిసి వస్తే తాడిపత్రిలోనే కారు మాట్లాడుకుని, రెండో రోజు రాత్రి కడపలో వదిలిపెట్టడం మేలు. మాట్లాడేటప్పుడే మూడు విషయాలు తేల్చుకోండి: డ్రైవరు రాత్రి బస ఎక్కడ, భోజనం ఎవరిది, బండి ఖాళీగా తిరిగి వెళ్లే దూరానికి డబ్బు అడుగుతారా లేదా. మూడోది తేల్చుకోకపోతే చివర్లో తప్పకుండా వాదన వస్తుంది.

బస్సుల్లో తిరగాలనుకునేవారు బెలుం గుహలను వదిలేయడం మంచిది. తాడిపత్రి నుంచి జమ్మలమడుగు చేరి, అక్కడి నుంచి గండికోటకు బస్సులో గాని ఆటోలో గాని వెళ్లవచ్చు. ఆ దూరం 15 కిలోమీటర్లే అయినా రోజుకు నడిచే బస్సులు కొన్నే కనుక, జమ్మలమడుగు బస్టాండులో దిగగానే తిరుగు బస్సు వేళలు కూడా అడిగి రాసుకోండి.

3. సంచిలో ఉండవలసినవి

- మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. కోటలో దుకాణాలు కొద్దిగానే ఉంటాయి, అవి తెల్లవారుజామున తెరవరు.
- పట్టు ఉన్న అడుగు గల బూట్లు. చెప్పులు గుడి దగ్గర విడవడానికి అనువే గాని, లోయ దగ్గర బండల మీద జారుతాయి.
- ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు. తెల్లవారకముందు కోటలో నడవాలి, కాబట్టి ఫోను లైటును నమ్ముకోవద్దు.
- టోపీ లేదా తలగుడ్డ, నవంబరు తర్వాత అయితే తెల్లవారుజాముకు ఒక పలుచని స్వెట్టరు.
- చిల్లర నోట్లు. గండికోటలో సిగ్నల్ అన్ని చోట్లా నిలకడగా ఉండదు, ఫోనుతో డబ్బు పంపడం ప్రతిసారీ కుదరదు.
- చెమట పీల్చే నూలు బట్టలు ఒక జత అదనంగా. బెలుం నుంచి బయటికి వచ్చాక వీటి విలువ తెలుస్తుంది.
- గుర్తింపు కార్డు, రోజూ వేసుకునే మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు.

బస సంగతి ముందే చూసుకోండి. గండికోటకు కొద్ది దూరంలో పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాల్లోనూ సంక్రాంతి సెలవుల్లోనూ గదులు నిండిపోతాయి. గది దొరకకపోతే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరేలా బండి మాట్లాడుకోండి. గుడారంలో పడుకోవాలనుకునేవారు లోయ అంచుకు దూరంగా ఉండే చోటునే ఎంచుకోవాలి, రాత్రి పూట ఒక్కరే బయటికి నడవకూడదు.

4. మొదటి రోజు ఉదయం: తాడిపత్రి

తాడిపత్రిలో రెండు గుళ్లు చూడాలి. ముందు బుగ్గ రామలింగేశ్వరుని గుడి, తర్వాత చింతల వెంకటరమణుని గుడి. ఈ వరుసకు కారణం వెలుతురు. రామలింగేశ్వరుని గుడి పెన్న ఒడ్డున ఆరుబయట ఉంటుంది, దాని గోపురాల మీది శిల్పం ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలోనే తేటగా కనిపిస్తుంది. తొమ్మిదిన్నర దాటితే ఎండ నిటారుగా పడి, రాయి అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది.

ఇక్కడ పూర్తికాని గోపురాలు ఉన్నాయి. పైన ఏమీ లేదు కదా అని వాటిని దాటి లోపలికి వెళ్లిపోవడం అందరూ చేసే తప్పు. నిజానికి ఈ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడవలసిన చోటు అదే. గోపురానికి రెండడుగుల దూరంలో కూర్చుని అడుగు వరుస నుంచి పైకి చూడండి. పెద్ద గోపురం గోడలోనే బొమ్మరిళ్లవంటి చిన్న మంటపాలు, వాటికి చిటికెన వేలంత స్తంభాలు, ఆ స్తంభాల మధ్య నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. గట్టి నల్లపచ్చ రాయి కాబట్టి ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా అంచులు అరిగిపోలేదు. కళ్లతో చూడండి, చేత్తో రుద్దకండి.

గర్భగుడిలో శివలింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. బుగ్గ అంటే ఊట. ఆ పేరు అందుకే వచ్చింది. పూజారిని అడిగితే చూపిస్తారు. ఇక్కడికి గంటన్నర కేటాయించండి.

తర్వాత ఊరి మధ్యలోని చింతల వెంకటరమణుని గుడికి వెళ్లండి. ముందు రాతిరథం ఆకారంలో ఉన్న గరుడ మంటపం చూసి, ఆ పైన గుడి గోడల చుట్టూ తిరగండి. రామాయణ, భాగవత కథలు బొమ్మల వరుసలుగా చెక్కి ఉన్నాయి. మొదటి ప్రదక్షిణలో ఊరికే నడిచి, రెండో ప్రదక్షిణలో కథ పోల్చుకుంటూ ఆగితే పిల్లలు కూడా విసుగు లేకుండా చూస్తారు. మా ఇంటి పిల్లలకు నేను ప్రతి బొమ్మ దగ్గరా "ఇది ఏ ఘట్టం?" అని అడిగే ఆట నేర్పాను. వాళ్లే నన్ను గంటసేపు నిలబెట్టారు.

రెండు గుళ్ల నడుమ ఉగ్గాని, మిరపకాయ బజ్జీతో పలహారం ముగించండి. నానబెట్టిన బొరుగులను తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి చేసే ఉగ్గాని పొద్దున తొమ్మిదిలోపు వేడిగా దొరుకుతుంది. పదకొండుకు ఊరు వదలాలి.

5. మొదటి రోజు మధ్యాహ్నం: బెలుం గుహలు

బెలుం మాత్రం పెన్న ఒడ్డున లేదు. తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. ఈ ప్రయాణంలో దాన్ని చేర్చడానికి కారణం ఒక్కటే: బయట ఎండ తీవ్రంగా ఉండే పన్నెండు నుంచి రెండు గంటల సమయాన్ని భూమి లోపల గడపవచ్చు. గుహలు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా తెరిచి ఉంటాయి.

ఎండ ఉండదు కదా అని లోపల చల్లగా ఉంటుందని అనుకోకండి. గాలిలో తేమ ఎక్కువ, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. గాలి కోసం గొట్టాలు అమర్చారు, వాటి కింద ఆగుతూ నడవండి. మొత్తం 3,229 మీటర్ల పొడవున్న ఈ సున్నపురాతి గుహల్లో సందర్శకులు నడిచేది సుమారు సగం. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దాదాపు 46 మీటర్ల కిందికి ఉంటుంది.

దిగేముందు ఇవి సరిచూసుకోండి:

- మోకాళ్ల నొప్పులు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు పాతాళగంగ దాకా దిగకుండా, మొదటి పెద్ద గదుల వరకు వెళ్లి వెనక్కి రావచ్చు. మా అమ్మగారిని మేం అలాగే తీసుకువెళ్లాం. ఆమెకు ఏ లోటూ అనిపించలేదు.
- పెద్ద సంచులు బండిలోనే ఉంచండి. కొన్ని చోట్ల వంగి నడవాలి.
- కడుపు నిండా తిని దిగకండి. భోజనం బయటికి వచ్చాకే చేయండి.
- సప్తస్వరాల గుహలో రాతి ఊడలను తట్టి శబ్దం వినాలని అందరికీ ఉంటుంది. తట్టకండి. వేల ఏళ్లుగా చుక్క చుక్కగా పేరుకున్నవి అవి, విరిగితే మళ్లీ రావు.

గంటన్నర చాలు. రెండు, రెండున్నర మధ్య బయలుదేరితేనే తర్వాతి మెట్టు సరిగ్గా కుదురుతుంది.

6. మొదటి రోజు సాయంత్రం: గండికోట చేరడం

బెలుం నుంచి గండికోటకు జమ్మలమడుగు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. జమ్మలమడుగులో ఆగి మూడు పనులు పూర్తి చేసుకోండి: పెట్రోలు, నీళ్లు, నగదు. ఆ తర్వాత వీటి కోసం వెతకవలసి వస్తే మళ్లీ ఇక్కడికే రావాలి.

నాలుగున్నరకల్లా గదిలో సామాను పెట్టేసి కోటలోకి వెళ్లండి. ఈ సాయంత్రం లోయ అంచుకు వెళ్లవద్దని నా సలహా. చీకటి పడే వేళ కొత్త చోట అంచు దగ్గర తడబడటం ప్రమాదం. పైగా లోయను మొదటిసారి పొద్దుటి వెలుగులోనే చూడాలి. సాయంత్రం చార్మినార్ అని పిలిచే బురుజు, జైలు కట్టడం, మాధవరాయ స్వామి గుడి చూడండి. మాధవరాయ గుడిలో విగ్రహం లేదు, పూజ జరగదు. అయినా చెప్పులు విడిచి లోపలికి వెళ్లే ఆచారం పాటించడం మంచిది. స్తంభాల మంటపంలో పడమటి ఎండ పొడుగ్గా లోపలికి వచ్చే ఆ అరగంటలో ఎక్కడికీ తొందరపడకుండా కూర్చోండి.

ఒక విషయం చాలామంది మరిచిపోతారు. గండికోట కోట మాత్రమే కాదు, అదొక ఊరు కూడా. కోటగోడల లోపల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వాకిళ్లలో కూర్చున్న వారిని అడగకుండా ఫొటో తీయడం, ఇళ్ల మధ్య గట్టిగా పాటలు పెట్టడం, ప్లాస్టిక్ సీసాలు పారవేయడం మర్యాద కాదు. "అమ్మా, గుడికి ఏ దోవన పోవాల?" అని అడిగితే ఎవరైనా పని ఆపి మరీ దారి చూపిస్తారు.

7. రెండో రోజు తెల్లవారుజామున: లోయ అంచు

ఈ ప్రయాణానికంతటికీ ఇదే కేంద్రం. దీని కోసమే ఇక్కడ రాత్రి బస చేయమన్నాను.

చలికాలంలో సూర్యోదయం ఆరుంబావు, ఆరుముప్పావు మధ్య జరుగుతుంది. ఐదున్నరకు కోటలోకి బయలుదేరి ఐదూ యాభైకి రాళ్ల మీద ఉండాలి. మసీదును, రంగనాథ స్వామి గుడిని గుర్తు పెట్టుకుని, టార్చిలైటు కాళ్ల ముందు వేసుకుంటూ నెమ్మదిగా నడవండి. గుడి దాటాక దారి అంటూ ఉండదు, విడివిడి బండలు మొదలవుతాయి. వెలుతురు వచ్చేదాకా అంచుకు పది అడుగుల దూరంలో ఒక వెడల్పాటి బండ చూసుకుని కూర్చోండి.

మొదట లోయలో ఏమీ కనబడదు. నీటి వాసన, కింద ఎక్కడో పక్షి అరుపు మాత్రమే తెలుస్తాయి. ఆకాశం తెల్లబడేకొద్దీ ఎదుటి గోడ మీద గీతలు ఒక్కొక్కటిగా తేలుతాయి, పలకలు పేర్చినట్టు అడ్డంగా ఉన్న రాతి వరుసలు బూడిద రంగు నుంచి ఇటుక రంగులోకి మారతాయి. ఎండ పై వరుసను తాకిన తర్వాత కింది వరుసలకు దిగడానికి చాలాసేపు పడుతుంది. ఆ దిగడాన్ని చూడటమే ఇక్కడి అసలు పని. సూర్యుడు కనిపించగానే ఫొటో తీసుకుని లేచిపోయేవారు దానిలో సగం కూడా చూడరు. ఏడున్నర దాకా ఉండండి. ఎర్రమల కొండలను కోసుకుంటూ నది చేసిన ఈ గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చిందన్న సంగతి, నీరు కనబడే వేళకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

లోయ దగ్గర తప్పనిసరిగా పాటించవలసినవి:

- అంచున కమ్మీలు గాని గోడ గాని ఉన్నాయని అనుకోవద్దు. లోతు కొన్ని వందల అడుగులు.
- సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి. ఫొటో తీసేవారు, దిగేవారు ఇద్దరూ కూర్చుని ఉండాలన్నది మా ఇంట్లో నియమం.
- బండ మీద కాలు పెట్టేముందు అది కదులుతుందో లేదో చూడండి. పెద్దదిగా కనిపించే బండ కూడా రెండు చిన్న రాళ్ల మీద నిలిచి ఉండవచ్చు.
- పదేళ్లలోపు పిల్లల చేయి ఒక పెద్దవారు పట్టుకునే ఉండాలి. ఆ పెద్దవారు ఫొటోలు తీయకూడదు.
- నీటి దగ్గరికి దిగాలనుకుంటే ఊరివాళ్లను తోడు తీసుకోండి. తోడు దొరకకపోతే ఆ ఆలోచన మానుకోండి.

తిరిగి వస్తూ రంగనాథ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు ఈ వరుసలో చూడండి. ధాన్యాగారం లోపల కళ్లు చీకటికి అలవాటు పడే దాకా రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే, పైన వంపు తిరిగిన కప్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. తొమ్మిదిన్నరకు కోట నుంచి బయటపడాలి.

8. రెండో రోజు పగలు: పుష్పగిరి

గది ఖాళీ చేసి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కడప వైపు రండి. ప్రొద్దుటూరులో గాని కడపలో గాని మధ్యాహ్న భోజనం చేసి, రెండు గంటలు విశ్రాంతి తీసుకోండి. ముందు రోజంతా తిరిగి, తెల్లవారుజామున లేచారు కాబట్టి ఈ విశ్రాంతిని ఎగ్గొట్టకండి. మూడున్నరకు పుష్పగిరికి బయలుదేరండి. కడప నుంచి సుమారు 16 కిలోమీటర్లు.

పుష్పగిరిలో గుళ్లు పెన్నకు రెండు వైపులా ఉన్నాయి. చెన్నకేశవ స్వామి గుడి ఒక గట్టున కొండ మీద ఉంటే, ఊరివైపు గట్టున వైద్యనాథేశ్వరుని గుడి ఉంది. పెద్ద రోడ్డు దిగేముందే "చెన్నకేశవ గుడి కాడికి కారు పోతుందా? ఏటిలో నీళ్లుండాయా?" అని అడగండి. ఫోనులోని మ్యాపు ఊరి పేరు చూపిస్తుంది గాని ఏ గట్టో చెప్పదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అవతలి గట్టుకు చేరి, కళ్లెదుటే గుడి కనిపిస్తున్నా నీళ్లు దాటలేక, చుట్టు తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది.

ఇసుకలో నడిచి దాటవచ్చని ఊరివారు చెబితేనే దాటండి. మోకాలి లోతు నీరున్నా ఇసుక కింద గుంటలు ఉంటాయి. చెన్నకేశవ గుడి గోడల వెలుపలి వైపే శిల్పం ఎక్కువ. కిరాతార్జునీయ ఘట్టం ఎక్కడుందో వెతుకుతూ గోడ చుట్టూ నిదానంగా తిరగండి. సాయంత్రపు ఏటవాలు ఎండ ఈ గోడలకు సరిగ్గా సరిపోతుంది కనుకనే పుష్పగిరిని పొద్దున పెట్టలేదు.

రాత్రి బస కడపలో. ఎర్రకారం పూసిన దోసె గాని, రాగి సంగటి, నాటుకోడి పులుసు గాని తినండి. మరుసటి ఉదయం మళ్లీ నడక ఉంది, కాబట్టి కారం అలవాటు లేనివారు దోసె మీద కారం తక్కువ వేయమని ముందే చెప్పండి.

9. మూడో రోజు పూట: సిద్ధవటం, ఒంటిమిట్ట

ఆరున్నరకు కడప వదిలితే ఏడున్నరలోపు సిద్ధవటం కోటకు చేరవచ్చు. శ్రీశైలానికి దక్షిణ ద్వారంగా పేరున్న ఊరు ఇది. కోటను పెన్న ఆనుకుని ఉంటుంది. ముందు ద్వారంలోని శిల్పాలు చూసి, లోపల తిరిగి, చివర నది వైపు గోడ దగ్గరికి రండి. ఇక్కడ గంట చాలు. గడ్డి పెరిగిన చోట్ల కర్రతో తట్టుకుంటూ నడవండి, పాములు ఉంటాయి.

అక్కడి నుంచి ఒంటిమిట్ట దగ్గరే. కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో ఆంజనేయుడు ఉండడు. పదిన్నరలోపు చేరితే దర్శనం తీరికగా దొరుకుతుంది, మధ్యాహ్నం గుడి మూసే వేళ మీద పడదు. దర్శనం తర్వాత వెంటనే బయటికి రాకుండా మంటపం స్తంభాల మధ్య పావుగంట గడపండి. శ్రీరామనవమి ఉత్సవాల్లో, ముఖ్యంగా రాత్రి పూట జరిగే కల్యాణం రోజున జనం విపరీతంగా వస్తారు. ఆ రోజుల్లో కల్యాణం కోసమే రండి, ఈ ప్రయాణంతో కలపకండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే మార్గాలు

*గండి, గండికోట ఒకటే అనుకోవడం.* వేంపల్లె దగ్గర పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయ క్షేత్రం ఉంది. బస్టాండులో "గండికి టికెట్టు" అంటే అక్కడికే ఇస్తారు. మా బంధువుల కుటుంబం ఒకసారి బాడుగ కారులో నిద్రపోతూ అక్కడ దిగింది. కాబట్టి ఎప్పుడూ "జమ్మలమడుగు గండికోట" అని పూర్తిగా చెప్పండి.

*మైలవరం అని మ్యాపులో కొట్టడం.* విజయవాడ దగ్గర కూడా ఒక మైలవరం ఉంది. పక్కన జమ్మలమడుగు అని చేర్చి వెతకండి.

*ఎండిన నదిలో బండి దింపడం, ఇసుకలో వంట పెట్టుకోవడం.* 2021 నవంబరులో పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఒడ్డున ఉన్న ఊళ్లు ఏమైపోయాయో ఈ జిల్లాలో అందరికీ గుర్తుంది. మీరు నిలబడ్డ చోట వాన లేకపోవచ్చు, ఎగువన ఉండవచ్చు. నీటి రంగు మారినా, ఎప్పుడూ లేని హోరు వినిపించినా వెంటనే గట్టెక్కండి.

*మ్యాపు చూపిన సమయాన్ని నమ్మడం.* నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్లు ఇవి. తాడిపత్రి, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు మధ్య ప్రతి గంట ప్రయాణానికీ పావుగంట అదనంగా కలుపుకోండి. చీకట్లో ఈ దారిన బండి నడపకండి.

*ఎండదెబ్బ గుర్తించకపోవడం.* తల తిరగడం, చెమట ఆగిపోవడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలైతే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. చెమట ఆగిపోయినా, మనిషి మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి, తాగడానికి బలవంతం చేయకండి.

11. ఒక రోజు తగ్గితే

ముందు బెలుం తీసేయండి, తర్వాత ఒంటిమిట్ట. ఆ రెండూ కడపకో తాడిపత్రికో మరో పని మీద వచ్చినప్పుడు విడిగా చూడవచ్చు. ఉదయం తాడిపత్రి, సాయంత్రం గండికోట, మర్నాడు లోయ, సాయంత్రం పుష్పగిరి అనే వరుస మాత్రం మార్చకండి.

ఒకే రోజు ఉంటే, ముందు రోజు రాత్రికే గండికోట చేరి తెల్లవారుజామున లోయ, తొమ్మిదిన్నర దాకా కోట చూసి, నేరుగా ముద్దనూరు గాని ఎర్రగుంట్ల గాని స్టేషనుకు వెళ్లి మధ్యాహ్నం రైలు ఎక్కండి. రైలు వేళలు బయలుదేరే ముందు రోజు మరోసారి సరిచూసుకోండి, ఈ చిన్న స్టేషన్లలో అన్ని రైళ్లూ ఆగవు.

సంచి సర్దేటప్పుడు చివరగా చూసుకోవలసినవి:

- గండికోట గది ఖరారైందా
- కారు బాడుగ, తిరుగు దూరం సంగతి తేలిందా
- టార్చిలైట్లలో ఛార్జింగు ఉందా
- పుష్పగిరి దగ్గర నదిలో నీళ్ల సంగతి కడపలో ఎవరినైనా అడిగారా
- ఎగువ వానల కబురు ఆ ఉదయం విన్నారా